వంతెన కింద గోడ

ఆ వారం చేప తనంతట తనే ఒడ్డుకొచ్చి పడింది. పడవలు లోపలికి పోనక్కరలేకపోయింది. రేవు గోడ మీద నిలబడి చూస్తే కవళ్ళ చేపలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూతపెట్టిన గిన్నెలో ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. పొద్దున వెళ్ళిన పడవ ఎండ ముదరకముందే అంచులదాకా నింపుకుని తిరిగొస్తోంది. చేపని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో తలలు కోసే ఆడవాళ్ళకి తల ఎత్తే తీరిక లేదు.

కత్తెరక్కకి మాత్రం కాలు నిలవడం లేదు.

ఆమె అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కోతబల్ల దగ్గర అందరి చేతిలోనూ కత్తెరే, అయినా ఆ పేరు ఆమెకే దక్కింది. ఒక్క కోతకి తల తెగాలి, ఆ కోత చివర కత్తెరని కాస్త మెలిపెట్టి లాగితే పేగు కూడా తలతోనే వచ్చేయాలి. తల తొట్టిలోకి, ఒళ్ళు ఉప్పునీళ్ళ కుండీలోకి. ఈ మెలిక కొత్తవాళ్ళకి నేర్పేది ఆమే. మేనేజరు ముందు అందరి తరఫునా నోరు విప్పేదీ ఆమే.

"అక్కా, చేతికి నూనె అంటడం లేదు చూశావా," అంది పక్కన కోస్తున్న పొడుగమ్మ.

నిజమే. ఈ చేప కోస్తే మోచేతుల దాకా జిడ్డెక్కాలి, సబ్బు అరగదీసినా వదలని జిడ్డు. ఇప్పుడు చేతులు పొడిగా ఉన్నాయి. చేప పొట్ట వెన్నుకి అంటుకుపోయి ఉంది.

"మంచిదేగా. మీ ఆయన ఇకనైనా ముక్కు మూసుకోకుండా నీ పక్కన పడుకుంటాడు."

బల్ల బల్లంతా నవ్వింది. పొడుగమ్మ మొగుడు ఫ్యాక్టరీ గోడౌన్‌కి వాచ్‌మన్. చేపల కంపు పడదని మెడలో ఎప్పుడూ తువ్వాలు చుట్టుకుని తిరుగుతాడు. కత్తెరక్క కూడా నవ్వింది గానీ, బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూనే ఉంది. జిడ్డు తగల్లేదు.

ఆమెని తొలిచేస్తున్నది అది కాదు. మొన్న మేనేజరు రెండు షిఫ్టులూ నడవాలన్నప్పుడు, తీసేసిన ఆడవాళ్ళందరినీ మళ్ళీ పనిలోకి తీసుకుంటేనే అని ఈమె మెలికపెట్టింది. అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా సరేనన్నాడు. చేతులు కడుక్కోవడానికి ఇంకో సబ్బు ముక్క అడిగితే నెల తిప్పే మనిషి. గెలిచినట్టు అందరూ చప్పట్లు కొట్టారు. అడిగిన వెంటనే ఇచ్చేవాడి దగ్గర ఇంకేదో దాగుంటుందని ఆమెకి అనిపించింది. ఏమిటో అంతుపట్టలేదు. కోత మధ్యలో ఆపి తలుపు దాకా వెళ్ళి రేవు వైపు చూసేది. మళ్ళీ వచ్చి కత్తెర పట్టుకునేది.

---

వాళ్ళుండేది ఏట్లో.

మీరెక్కడుంటారు అని ఎవరైనా అడిగితే అక్కడివాళ్ళు అలాగే చెబుతారు: ఏట్లో ఉంటాం, నీళ్ళు మాత్రం ట్యాంకరులో వస్తాయి. వెనక బోడికొండలు, ముందు సముద్రం, మధ్యలో ఎవరూ ఎన్నడూ పారగా చూడని ఏరు. వాన పడని ఊరు. ఇంట్లో గొడుగున్న మనిషి లేడు. ఎండకి తప్ప కప్పు ఎందుకో తెలియనట్టు తడికల మీద రేకుముక్కలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టిన ఇళ్ళు. ఏటికి అడ్డంగా ఫ్యాక్టరీ రోడ్డు ఎత్తుగా మట్టికట్ట మీద పోతుంది. కట్టకి మధ్యలో ఒకే ఒక్క వంతెన, దాని కింద ఒకే ఒక్క రాతి కమాను.

ఆ కమానే యూనియన్ ఆఫీసు. కొండవైపు ఇటుకలతో గోడ కట్టేశారు, సముద్రం వైపు తలుపు పెట్టారు. లోపల బల్లలు, చల్లదనం, మనుషులు కూచుని మాట్లాడుకునే చోటు. ఆ గోడ కూల్చమని కంపెనీ రెండుసార్లు మనుషుల్ని పంపింది. రెండుసార్లూ ఆడవాళ్ళు కత్తెరలు కింద పెట్టేశారు, ఫ్యాక్టరీ ఆగింది, గోడ నిలిచింది. ఇటుకలు మోసినవాళ్ళలో కత్తెరక్క మొదటిది. ఆ గోడకి ఆనుకుని నిలబడితే ఆమె గొంతు తనకే రెట్టింపై వినపడేది.

ఆ సాయంత్రం కమాను తలుపు పక్కన కట్టిన జెండా కదలకుండా వేలాడుతోంది. ఇళ్ళ మధ్య తీగల మీద ఆరేసిన బట్టలూ అంతే. పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళకి తెలిసిన గాలి ఒకటే, కొండ మీంచి సముద్రం వైపు తోసే గాలి. బట్టలకి ముడి వేయకపోతే రేవులో దొరికేవి. ఇప్పుడు ముడి వేయకపోయినా ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆమె మొగుడు పడవ సరంగు. వాకిట్లో కాళ్ళు చాపుకుని కూచుని, సముద్రం గోరువెచ్చగా ఉందని, పసిపిల్లలకి స్నానం చేయించొచ్చని నవ్వుతూ చెప్పాడు. చేపలు చేతికి అందుతున్నాయి గదా, వెచ్చగా ఉంటే ఏమిటట అన్నాడు. అతని వెనకాలే ఆమె తమ్ముడు వచ్చాడు.

తమ్ముడికి రేవులోని వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రోజూ రేవు గోడ మీంచి బకెట్టు వదిలి సముద్రం నీళ్ళు తోడి వేడి కొలుస్తాడు, పొద్దున్నే గాలిలోకి బెలూను వదులుతాడు. అక్క ఇంటికి తరచూ రాడు. వచ్చినా బావతో రెండు మాటలు, అక్కతో ఒక పోట్లాట, అంతే. ఈసారి నిలబడే చెప్పాడు. మీరంతా ఏట్లోంచి లేచిపోవాలి అన్నాడు. ఏరు పారుతుంది అన్నాడు.

కత్తెరక్క పగలబడి నవ్వింది. సరంగు కూడా నవ్వాడు.

తమ్ముడు నవ్వలేదు. గిన్నెలు కడిగే వెడల్పాటి నీళ్ళ తొట్టి ముందుకి లాగి, బావ కాళ్ళకి రాసుకునే నూనె సీసా అందుకుని నాలుగు చుక్కలు వేశాడు. విస్తరాకు పట్టుకుని తొట్టి ఒక అంచున విసరడం మొదలెట్టాడు. నూనె జారుకుంటూ వెళ్ళి అవతలి అంచుకి చేరింది.

"ఇదీ మన గాలి. పైనున్న వేడినీళ్ళని అవతలి దేశాల వైపు తోసేస్తది. తోసేస్తే ఇక్కడ అడుగునున్న చన్నీళ్ళు పైకొస్తాయి. చేపకి తిండి ఆ చన్నీళ్ళలోనే ఉంటది." విసరడం ఆపాడు. నూనె మెల్లగా వెనక్కి పరుచుకుంటూ వచ్చింది. "ఇప్పుడు గాలి సన్నగిల్లింది. అక్కడి వేడి ఇటు జారుకుంటూ వస్తోంది. చేపలు మీ మీద ప్రేమతో ఒడ్డుకి రాలేదక్కా. చల్లగా మిగిలింది ఆ గట్టు పక్కన ఇంత సన్నటి నీటిచారే. అందులో ఇరుక్కున్నాయి."

"మరి వాన సంగతేంది?"

"వేడినీళ్ళు ఎక్కడుంటే మబ్బు అక్కడ. అటు కురవాల్సింది ఇటొస్తది. అక్కడ పొలాలు ఎండుతున్నాయి, అడవులు తగలబడుతున్నాయి. ఎప్పుడూ చూడనోళ్ళం, మనకి పడతది."

ఆమె తొట్టిలోకే చూస్తూ ఉండిపోయింది. కత్తెర లేకపోయినా వేళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

"ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?"

తమ్ముడు విస్తరాకు మడుస్తూ చెప్పాడు. పోయిన నెలలోనే తెలుసునట. రేవు అధికారికి చెప్పారు, ఓడల వాళ్ళకి చెప్పారు, ఫ్యాక్టరీకీ చెప్పారు.

"మాకు?"

"మీ పేట మా మ్యాపులో లేదక్కా. అక్కడ ఏరని ఉంది."

సరంగు నవ్వు ఆగిపోయింది. కత్తెరక్క ముఖం ఎర్రబడింది. అయితే రెండు షిఫ్టులు ఇందుకన్నమాట. ఉన్న చేపంతా ఊడ్చుకుపోవడానికి. ఆ సంగతి తెలిసి కూడా నోరు మూసుకున్నవాడు ఇప్పుడొచ్చి ఇల్లు వదిలి పొమ్మంటున్నాడు. ఎవరి మాట ఇది, నీదా, మేనేజరుదా అని అడిగింది.

"ఎవరిదైతే ఏంటి? గోడ తీసెయ్యండి ముందు. నీళ్ళొస్తే ఆ కమానులోంచే పోవాలి. అది మూసేసుకుని కూచున్నారు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె లేచి నిలబడింది.

"రెండుసార్లు మనుషుల్ని పంపి కూల్చలేకపోయారు. మూడోసారి నిన్ను పంపారా?"

తమ్ముడు విస్తరాకు తొట్టిలో పడేసి వెళ్ళిపోయాడు.

---

రెండు రోజులు పోయాక చేప లేదు.

తగ్గడం కాదు, లేదు. పడవలు ఖాళీగా వచ్చాయి. వలల్లో ఎవరూ ఎరగని చారల చేపలు నాలుగు, జెల్లీలు తట్టెడు. ఒడ్డు పొడుగునా చచ్చిన సముద్రపు పిట్టలు రెక్కలు విప్పుకుని పడి ఉన్నాయి. కోతబల్లలు కడిగి బోర్లించారు. మళ్ళీ కబురు చేసేదాకా రావద్దని గేటు దగ్గర గుమాస్తా చెప్పాడు. గోడౌన్‌లో సరుకు లారీల మీద ఎక్కించింది కూడా ఈ ఆడవాళ్ళే, ఆ ముందు రోజు. ఉన్న సరుకంతా ఎందుకు ఖాళీ చేస్తున్నారని అప్పుడూ ఎవరికీ అనుమానం రాలేదు. తట్టలు మోస్తున్నప్పుడు మెడ నొప్పి తప్ప ఇంకేం తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ మైకు వ్యాను వచ్చింది. ఏటి గట్టు మీద ఆగి, వాన ప్రమాదం ఉందని, ఏటిలో ఉన్నవాళ్ళంతా వెంటనే సురక్షిత ప్రాంతానికి తరలిపోవాలని, ఉప్పుబీడు దగ్గర కంపెనీ స్థలం చూపిస్తుందని, లారీలు కూడా ఇస్తుందని చదివింది. చదివినదే చదివింది.

ఉప్పుబీడు రేవుకి అవతల ఉంది. చెట్టు లేదు, నీడ లేదు, అక్కణ్ణించి ఫ్యాక్టరీకి నడిచి రావాలంటే పూట పడుతుంది. ఈ ఏటి స్థలం మీద కంపెనీకి కన్ను పడి చాలాకాలమైంది. కొత్త షెడ్డుకి కొలతలు వేసిన కర్రలు ఇంకా అక్కడక్కడా పాతి ఉన్నాయి.

కమాను కింద మీటింగు పెట్టారు. లోపల చోటు చాలక తలుపు బయట కూడా నిలబడ్డారు. కత్తెరక్క గోడకి వీపు ఆనించి మాట్లాడింది. ముందు చేపని ఊడ్చారు, ఇప్పుడు మనల్ని ఊడుస్తున్నారంది. ఆకాశం వంక చూడండి, చిటికెడు మబ్బు ఉందా అంది. నా సొంత తమ్ముడే వచ్చి బెదిరించాడు, నేను కదల్లేదు, మీరూ కదలకండి అంది. చప్పట్లకి కమాను దద్దరిల్లింది.

అందరూ వెళ్ళాక ఆమె ఒక్కతే మిగిలింది. బల్లలు సర్దింది. అందరూ చప్పట్లు కొట్టినా ఆమె మనసు కుదుటపడలేదు. తాను చెప్పిందాంట్లో ఏది నిజమో, ఏది కోపమో విడదీయలేకపోయింది. ఉక్కపోత. సంచీ తీసుకుందామని చెయ్యి పైకెత్తింది. సంచీ ఎప్పుడూ తగిలించే మొద్దుకే తగిలించి ఉంది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కమాను పైభాగాన రాళ్ళ సందులో ఇరుక్కున్న ఎండుమొద్దు అది. మనిషి తలకంటే ఎత్తున ఉంది. యూనియన్ పెట్టిన రోజు నుంచీ లాంతరు దానికే, సంచీలు దానికే, చొక్కాలు దానికే. ఎవరో కొట్టిన మేకులా వాడుకున్నారు. ఆమె బల్లెక్కి దగ్గరగా చూసింది. మొద్దుకి అవతలి చివర చెట్టు వేళ్ళున్నాయి. వేళ్ళ మధ్య గట్టిపడిన ఒండ్రు, ఒండ్రులో గులకరాళ్ళు. గోరుతో గీరితే పొడిపొడిగా కళ్ళలో రాలింది. రాతి సందుల పొడుగునా అదే ఎత్తులో ఎండుగడ్డి. పిట్టలు పెట్టిన గూళ్ళనుకునేవాళ్ళు.

ఈ మొద్దుని మనిషెవడూ ఎత్తి అక్కడ దూర్చలేదు. ఈ చుట్టుపట్ల ఇంత చెట్టు కూడా లేదు. ఎప్పుడో ఏరు పారినప్పుడు కొండల అవతల నుంచి కొట్టుకొచ్చింది.

బల్ల దిగి గోడని చూసింది. సున్నం వేసిన, నినాదాలు రాసిన, ఆమె మోసిన గోడ. దాని అవతల ఇళ్ళు.

---

తెల్లవారగానే వాతావరణ కేంద్రం ఆవరణలోకి వెళ్ళింది. తమ్ముడు బెలూన్లోకి గ్యాసు పడుతున్నాడు. అక్కని చూశాడు. బెలూను మూతి కట్టి వదిలాడు. ఎప్పుడు వదిలినా సముద్రం మీదికి కొట్టుకుపోయేది, ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఇది నేరుగా పైకి లేచి, కాస్త తటపటాయించి, కొండల వైపు తిరిగింది. కొండల వెనక ఆకాశం కమిలిన దెబ్బలా ఉంది.

"ఎప్పుడొస్తది?" అంది.

"కొండల అవతల రాత్రి నుంచీ కురుస్తోంది. ఇక్కడ పడకపోయినా ఏరొస్తది."

ఆమె ఆఫీసు తోటలో ఆనించి ఉన్న గునపం అందుకుంది.

"అది గవర్నమెంటుదక్కా."

"రాసుకో."

వంతెన కింద మొదటి పోటుకి సున్నం రాలింది, గోడ కదల్లేదు. గట్టిగానే కట్టారు. చప్పుడుకి జనం మూగారు. అక్కకి మతి పోయిందన్నారు. నిన్న నేను కదల్లేదు, మీరూ కదలకండి అన్నది ఈ నోరేగా అని సరంగే అడిగాడు, అందరి ముందూ.

"నిన్న తప్పు చెప్పాను. ఇవాళ ఒప్పు చెబుతున్నా. గునపం అవతలి చివర నువ్వు పట్టుకో."

ఆమె చెయ్యెత్తి మొద్దుని చూపించింది. ఎన్నాళ్ళ నుంచో దానికి చొక్కాలూ సంచీలూ తగిలించినవాళ్ళే అందరూ. ఒకడు పైకెక్కి వేళ్ళని తడిమాడు, దిగి ఇటుక లాగడం మొదలెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. గునపం చేతులు మారింది. ఆడవాళ్ళు ఇటుకలు అందుకుని గట్టు మీదికి విసిరారు. పొడుగమ్మ నినాదం రాసిన పెచ్చు ఒకటి పక్కన దాచింది. అది దేనికే అంటే, కోపమొచ్చినప్పుడు మా ఆయన నెత్తిన కొట్టడానికంది. చివరి వరస ఊడేసరికి కమానులోంచి కొండలు కనిపించాయి. అటు నుంచి తడిమట్టి వాసన వచ్చింది. చాలామందికి అదేం వాసనో తెలియలేదు.

"ఇక సామాన్లు," అంది కత్తెరక్క.

"ఉప్పుబీడుకేనా?" అన్నాడు సరంగు.

"గోడౌన్‌కి."

ఫ్యాక్టరీ గోడౌన్ రోడ్డు పక్కన దిబ్బ మీద ఉంది. ఆ చుట్టుపట్ల అంతకంటే ఎత్తైన చోటు లేదు. నులకమంచాలు, పొయ్యిలు, పసిపిల్లలు, కదలలేని ముసలివాళ్ళు వీపుల మీద, అంతా ఆ దిబ్బ ఎక్కారు. గేటు దగ్గర మేనేజరు ఎదురొచ్చాడు. వెనక మైకు వ్యాను.

లారీలు బీడుకి సిద్ధంగా ఉన్నాయని, ఇది కంపెనీ ఆస్తని, ఇందులోకి బయటివాళ్ళు రాకూడదని అతను మర్యాదగానే చెప్పాడు. వాళ్ళ మంచికే చెబుతున్నానన్నాడు.

"బీడు సముద్రానికి సమానంగా ఉంది సార్. ఈ ఏరు పోయేదీ అటే. సురక్షిత ప్రాంతానికి పొమ్మని మీ మైకే నిన్నంతా అరిచింది. వచ్చాం."

"దీనికి తాళం ఉందమ్మా. పై ఆఫీసుని అడగాలి."

అడుగుతానని ఫోను చెవికి పెట్టుకుని గోడౌన్ చూరు వైపు నడిచాడు. అప్పుడే అతని చొక్కా మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. జనమంతా ముఖాలెత్తారు. ఒక పిల్ల నాలుక చాపింది. ఒక ముసలామె చెంగు తల మీదికి లాక్కుని, మళ్ళీ తీసేసి, నుదురు తడుముకుని చేతిని చూసుకుంది. అందరూ అలాగే వానలో నిలబడ్డారు.

అప్పుడు కొండల వైపు నుంచి రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"సార్," అన్నాడు పొడుగమ్మ మొగుడు, మెడలోని తువ్వాలు సవరించుకుంటూ. "తాళంచెవి నా దగ్గరే ఉంది."

మేనేజరు అతన్ని చూశాడు. ఏటి వైపు చూశాడు. ఫోన్లో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. వాచ్‌మన్ తలుపు తీశాడు.

నీళ్ళు ఎర్రగా, ముళ్ళకంపలు మోసుకుంటూ, వంపు తిరిగి వచ్చాయి. ఏటి నడుమనున్న వరసని ముందు తాకాయి. రేకులు లేచాయి, తడికలు ఒరిగాయి. ఆ వరసలో మూడో ఇల్లు కత్తెరక్కది. గిన్నెలు కడిగే తొట్టి తేలి, గిరగిరా తిరిగి, పోయింది. నీళ్ళు మట్టికట్టకి కొట్టుకుని, ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు పైకి ఎగదన్నాయి. గట్టు వారనున్న ఇళ్ళ గడపలు మునిగాయి. అప్పుడు వాటికి కమాను దొరికింది. బల్లలూ, తలుపూ, జెండా అన్నీ ఒక్క ఊపున అవతలికి వెళ్ళిపోయాయి. గట్టు ఇళ్ళ దగ్గర నీళ్ళు గడప దిగాయి.

సరంగు భార్య భుజం మీద చెయ్యేశాడు. ఆమె తీసెయ్యలేదు.

వాన సన్నబడ్డాక తమ్ముడు వచ్చాడు, తల నుంచి కాళ్ళ దాకా తడిసి, గునపం కోసం వచ్చినవాడిలా. అది ఏట్లో పోయిందని చెప్పింది. రాసుకుంటాలే అన్నాడు. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. ఎర్రనీళ్ళు సముద్రంలో చాలా దూరం దాకా చారలా కనిపిస్తున్నాయి.

"ఇది అవతలోళ్ళ వానన్నావు కదరా."

"అవును."

"వాళ్ళకి రాదని వాళ్ళకెవరైనా చెప్పారా?"

"చెప్పే ఉంటారు. ధాన్యం కొనేవాళ్ళకి, ఓడలోళ్ళకి..." అని ఆగిపోయాడు.

"దున్నేవాడికి?"

తమ్ముడు చొక్కా పిండుకున్నాడు. లోపల పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో పొయ్యి రాజేస్తున్నారు, ఎన్నాళ్ళుంటారమ్మా అని మేనేజరు ఎవరినో అడుగుతున్నాడు. కత్తెరక్క వేళ్ళు మళ్ళీ కదలడం మొదలెట్టాయి. ఆమె చూపు గేటు దగ్గర ఆగి ఉన్న వ్యాను మీద పడింది. డ్రైవరు ఎక్కడో తల దాచుకున్నాడు.

"ఆ మైకు ఎంత దూరం వినిపిస్తది?"

"సముద్రం అవతలికి వినపడదులే అక్కా."

"ముందు మీ ఆఫీసు దాకా వినపడితే చాలు, దున్నేవాడికీ చెప్పమంటాను," అని చెంగు దోపుకుని ఆమె వ్యాను ఎక్కింది.